ప్రశాంతతకు ఎంత ఏర్పాటు కావాలి? కేమన్ జంట దీవుల విహారంపై ఒక సమీక్ష

కరీబియన్ సముద్రంలో క్యూబాకు దక్షిణంగా, జమైకాకు వాయవ్యంగా, బ్రిటన్ ఏలుబడిలో ఉన్న మూడు దీవుల సముదాయం కేమన్ ఐలాండ్స్. లోకానికి బాగా తెలిసింది వాటిలో పెద్దదైన గ్రాండ్ కేమన్. బ్యాంకులు, క్రూజ్ షిప్పులు, సెవెన్ మైల్ బీచ్ వెంబడి బారులు తీరిన హోటళ్లు అక్కడే ఉన్నాయి. దానికి ఈశాన్యంగా సుమారు 120 కిలోమీటర్ల అవతల కేమన్ బ్రాక్, లిటిల్ కేమన్ పక్కపక్కనే ఉంటాయి. రెంటి మధ్య ఎడం 8 కిలోమీటర్లు. సిస్టర్ ఐలాండ్స్ అని అక్కడివాళ్లు పిలుచుకునే ఈ జంటలో బ్రాక్ జనాభా రెండు వేలకు అటూఇటూ. లిటిల్ కేమన్‌లో ఏడాది పొడుగునా ఉండేది ఒకటి రెండు వందల మందే.

ఇంత చిన్న చోటుకు విశ్రాంతి కోసం వెళ్లడానికి పెద్దగా ఆలోచించేదేముంటుంది అనిపిస్తుంది. కానీ సలహాలు అడిగి చూస్తే ఒకరి మాటకు ఇంకొకరి మాట పొసగదు. లిటిల్ కేమన్ తప్ప ఇంకెక్కడికీ వెళ్లొద్దని ఒకరంటే, అక్కడ మూడోనాటికి విసుగొస్తుంది, బ్రాక్ మేలని మరొకరు అంటారు. మూడు దీవులూ చుట్టి రావాలనేవాళ్లు ఉన్నారు. డైవింగ్ రాకపోతే ఆ ఖర్చు దండగ అనేవాళ్లూ ఉన్నారు. ఒక్కొక్కరు ఒక్కో రకం విశ్రాంతిని మనసులో పెట్టుకుని మాట్లాడటం వల్లే ఈ చిక్కు.

అన్ని వాదాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేటపడుతుంది. ఈ దీవుల ప్రశాంతత దానంతటది దొరికింది కాదు. చిన్న విమానాలు, కొద్దిపాటి గదులు, క్రూజ్ షిప్పులు రాకపోవడం, చేపల వేటపై ఆంక్షలు, ఇన్ని పరిమితులు కలిసి దాన్ని నిలబెడుతున్నాయి. ఈ పరిమితులను ఎలాగోలా దాటేద్దామని వేసుకున్న ప్రణాళిక సాధారణంగా బెడిసికొడుతుంది. వాటికి ఒదిగి వేసుకున్నది కుదురుతుంది. ఈ వ్యాసం ఒక్కో వాదాన్నీ తూచేది ఈ కొలతతోనే.

నిశ్శబ్దం వెనక చరిత్ర

1503 మే 10న, తన నాలుగో యాత్రలో, కొలంబస్ ఈ జంట దీవులను చూశాడు. చుట్టూ నీళ్లలో లెక్కలేనన్ని తాబేళ్లు కనబడటంతో వాటి పేరే దీవులకు పెట్టాడు. ఆ తరవాత రెండు శతాబ్దాలకు పైగా ఇక్కడికొచ్చిన ఓడల్లో ఎక్కువ తాబేలు మాంసం కోసం వచ్చినవే. అట్లాంటిక్ దాటే నావికులకు చాలాకాలం ప్రాణాలతో ఉండే ఆహారం అది. సంతతి కరిగిపోయేదాకా ఆ వేట ఆగలేదు. జనం స్థిరంగా కాపురం పెట్టింది 1833 నుంచి.

బ్రాక్ వాసులు తాటిజాతి చెట్టయిన సిల్వర్ థాచ్ ఆకుతో తాళ్లు పేనారు, పడవలు కట్టారు, దూరపు నికరాగ్వా తీరాల దాకా వెళ్లి తాబేళ్లు పట్టారు. తాబేళ్ల వేటకు అనువైన క్యాట్‌బోట్ అనే తేలికపాటి తెరచాప పడవను 1904లో మొదట తయారుచేసింది బ్రాక్‌లోనే, డేనియల్ జెర్విస్. ఆ తరవాతి తరాల మగవాళ్లు విదేశీ ఓడల్లో పనికి కుదిరి ఇంటికి డబ్బు పంపేవాళ్లు. ఊరు ఆడవాళ్ల చేతుల్లో నడిచింది.

1932 నవంబరు తుపాను బ్రాక్ జ్ఞాపకంలో ఇంకా పచ్చిగానే ఉంది. సముద్రం ఊళ్ల మీదికి వచ్చి వందమందికి పైగా ప్రాణాలు తీసింది. బతికినవాళ్లలో చాలామంది దీవి మధ్యలో లేచిన సున్నపురాతి కొండ గుహల్లో తలదాచుకున్నారు. రెబెకాస్ కేవ్ అనే గుహలో ఆ తుపానుకు బలైన పదిహేడు నెలల పసిపాప సమాధి ఉంది. ఇవాళ పర్యాటకులు టార్చిలైటు పట్టుకుని చూసొచ్చే గుహల్లో అదొకటి. అక్కడ గొంతు తగ్గించాలని ఎవరూ చెప్పనక్కర్లేదు.

పర్యాటకం ఈ దీవులకు ఆలస్యంగా వచ్చింది. గ్రాండ్ కేమన్‌లో బాబ్ సోటో 1957లో తొలి డైవింగ్ దుకాణం తెరిచాడు. మరుసటి ఏడాది లిటిల్ కేమన్‌లో సదరన్ క్రాస్ క్లబ్ మొదలైంది. చేపలు పట్టే సరదా ఉన్న కొద్దిమంది కోసం పెట్టిన బస అది. 1960ల నుంచి గ్రాండ్ కేమన్ ఆర్థిక కేంద్రంగా ఎదుగుతూ పోయింది. జంట దీవులు మాత్రం దాని వెనకే ఉండిపోయాయి. ఇప్పుడు మనం ప్రశాంతత అని మెచ్చుకుంటున్న దాంట్లో కొంత భాగం ఆ వెనకబాటే అని ఒప్పుకోవాలి. మిగతాది తెలిసి కాపాడుకున్నది. 1986లో మూడు దీవుల్లోనూ సముద్ర పార్కులు ఏర్పడ్డాయి, 2013లో ప్రకృతి సంరక్షణ చట్టం వచ్చింది.

ఒక తల్లి బిడ్డలు, వేరు స్వభావాలు

లిటిల్ కేమన్ పొడవు సుమారు 16 కిలోమీటర్లు, వెడల్పు ఒకటిన్నర. దాదాపు అంతా పల్లం. దక్షిణాన బ్లాసమ్ విలేజ్ అనే చిన్న ఊరు, చెప్పుకోదగ్గ కిరాణా కొట్టు ఒకటి, కొన్ని రిసార్టులు, కొన్ని అద్దె ఇళ్లు. రోడ్డు మీద వేగ పరిమితి గంటకు 25 మైళ్లు. దారికి అడ్డొచ్చే ఇగ్వానా బల్లులకే ముందు దారివ్వాలని చెప్పే బోర్డులు కనిపిస్తాయి. తూర్పు కొసన పాయింట్ ఆఫ్ శాండ్ అనే తెల్లటి ఇసుక తీరం, సౌత్ హోల్ సౌండ్ అనే లోతులేని మడుగు మధ్య ఓవెన్ ఐలాండ్ అనే బుల్లి దీవి ఉన్నాయి. కయాక్ తెడ్డు వేసుకుంటూ ఆ బుల్లి దీవికి చేరుకోవచ్చు. నిజానికి ఇక్కడ చూడవలసిన చోట్లు ఇంతకంటే ఎక్కువేం లేవు.

బ్రాక్ పొడవు 19 కిలోమీటర్లు. పడమట నేలమట్టంగా మొదలై తూర్పుకు వెళ్లేకొద్దీ నిట్టనిలువు కొండగా లేస్తుంది. తూర్పు కొసన దీపస్తంభం దగ్గర దాని ఎత్తు సుమారు 43 మీటర్లు. అంచున నిలబడితే కింద కెరటాలు రాతిని కొట్టే చప్పుడు, కాళ్లకు కాస్త దూరంలోనే గూడు కట్టుకున్న బ్రౌన్ బూబీ పక్షులు. కొండపై అడవిలో బ్రాక్‌లో తప్ప మరెక్కడా లేని చిలుక ఉపజాతి ఉంది, వాటికోసం నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ సంరక్షణ స్థలం నడుపుతోంది. ఇక్కడ బడి ఉంది, ఫెయిత్ హాస్పిటల్ ఉంది, చర్చిలు, మ్యూజియం, కిరాణా దుకాణాలు ఉన్నాయి. పర్యాటకుడు రాకపోయినా బ్రాక్ బతుకుతుంది. ఈ తేడాయే మిగతా తేడాలన్నిటికీ మూలం అనుకోవచ్చు. లిటిల్ కేమన్‌లో ఎదురయ్యే వాళ్లలో చాలామంది సందర్శకులో, రిసార్టు సిబ్బందో అయివుంటారు. బ్రాక్‌లో ఇంటి ముందు కూర్చున్న పెద్దమనిషి తలూపి పలకరిస్తాడు.

ఇసుక తీరాల విషయంలో మాత్రం బ్రాక్ వెనకబడుతుంది. తీరంలో ఎక్కువ భాగం పదునైన నల్లటి సున్నపురాయి. చెప్పులు లేకుండా నడవలేం. పోస్టుకార్డు బొమ్మలాంటి తీరమే కావాలనుకునేవాళ్లకు లిటిల్ కేమన్ నయం.

మూడు వాదాలు

అన్నిటికంటే గట్టిగా వినబడేది డైవర్ల గొంతు. వాళ్ల దృష్టిలో ఈ దీవులకు వెళ్లడమంటే లిటిల్ కేమన్ ఉత్తర తీరంలోని బ్లడీ బే గోడను చూడటమే. పగడపు దిబ్బ అంచు అక్కడ 6 మీటర్ల లోతులోనే మొదలై, ఒక్కసారిగా వందల మీటర్ల లోతుకు దిగిపోతుంది. ఇంత తక్కువ లోతులో గోడ మొదలయ్యే చోట్లు చాలా అరుదు. అందుకే కొత్తగా నేర్చుకున్నవాళ్లు కూడా దాని అంచున తేలుతూ కింద నీలం నల్లబడటం చూడగలరు. బ్రాక్ వైపు 1996లో కావాలని ముంచిన రష్యన్ తయారీ క్యూబా యుద్ధనౌక, క్యాప్టెన్ కీత్ టిబెట్స్, పెద్ద ఆకర్షణ. దాదాపు 100 మీటర్ల ఆ ఓడను తుపానులు విరిచేశాయి. ఫిరంగుల మీద ఇప్పుడు పగడాలు, స్పాంజిలు పెరిగాయి. రోజుకు రెండు మూడు సార్లు నీళ్లలోకి దిగడం, తిని పడుకోవడం, ఇదే ఈ వాదం చెప్పే సెలవు. దాన్ని తక్కువ చేయడానికి లేదు. నీటి కింద శ్వాస చప్పుడు తప్ప మరేదీ వినబడని ఆ ముప్పావు గంటను మించిన విశ్రాంతి చాలామందికి ఉండదు. కానీ పొద్దున్నే పడవ సమయానికి లేవడం, పరికరాలు మోయడం, అలల మీద ప్రయాణం కూడా ఇందులో భాగమే. వారం చివర అలసిపోయి ఇంటికి చేరే డైవర్లు తక్కువేం కాదు.

రెండోది ఊరికే ఉండాలనే వాదం. దీన్ని సమర్థించేవాళ్లకు లిటిల్ కేమన్ మీద మమకారం. తాటాకు పందిరి కింద ఊయల, పుస్తకం, సాయంత్రం సైకిలు మీద ఒక తిరుగుడు. అంతకుమించి ప్రణాళిక వేస్తే దీవిని అవమానించినట్టేనని వాళ్లంటారు. ఈ వాదంలో నిజం ఉంది, ఒక లోపమూ ఉంది. ఊరికే ఉండటం అందరికీ చేతకాదు. ముఖ్యంగా పిల్లలతో వెళ్లే కుటుంబాలకు, అనుక్షణం ఫోను చూసుకోవడం అలవాటైనవాళ్లకు మొదటి రెండు రోజులు కష్టంగానే గడుస్తాయి. మూడోరోజుకు గానీ మనసు ఆ దీవి వేగానికి దిగిరాదని అనుభవజ్ఞులు చెబుతారు. అలాంటప్పుడు మూడు రోజుల యాత్ర పెట్టుకుంటే, మనసు కుదుటపడేసరికి పెట్టె సర్దుకోవాల్సి వస్తుంది. ఈ వాదాన్ని నమ్మేవాళ్లు కనీసం వారం ఉండాలి. లేకపోతే దాన్ని పక్కన పెట్టడమే మంచిది.

మూడోది నేలను నమ్ముకున్న వాదం. దీని గొంతు చిన్నదే అయినా నాకు అన్నిటికంటే బలంగా కనిపిస్తుంది. పక్షులు, గుహలు, కొండ బాటలు, ఊరి చరిత్ర, వీటిని నెమ్మదిగా చూసుకుంటూ తిరగడమే దీని సారం. బ్రాక్ దీనికి సహజంగా సరిపోతుంది. తెల్లవారుజామున చిలుకల అడవిలో నడక, మధ్యాహ్నం గుహల చల్లదనం, సాయంత్రం దీపస్తంభం దగ్గర కొండ అంచు. కొండలెక్కే సరదా ఉన్నవాళ్లకు సముద్రం మీదికి వాలిన రాతి గోడలున్నాయి. ఉప్పుగాలికి ఉక్కు మేకులు తుప్పుపట్టి ప్రమాదకరంగా మారడంతో వాటి స్థానంలో టైటానియం మేకులు బిగించారు. పాత మేకును నమ్మి తాడు వేయకూడదన్నది అక్కడ ఎక్కేవాళ్లందరికీ తెలిసిన మాట.

లిటిల్ కేమన్‌లోనూ ఈ వాదానికి ఒక గొప్ప సాక్ష్యం ఉంది. బ్లాసమ్ విలేజ్ పక్కనున్న బూబీ పాండ్ ఉప్పునీటి మడుగును 1994లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తించారు. దాని చుట్టూ మడ చెట్లలో వేల జంటల ఎర్రకాళ్ల బూబీలు గూళ్లు కట్టుకుంటాయి. కరీబియన్‌లోనే అతిపెద్ద కాలనీ అది. సాయంత్రం నేషనల్ ట్రస్ట్ భవనం వసారాలో బిగించిన దూరదర్శినికి కన్ను ఆనించి చూస్తే ఒక రోజువారీ నాటకం కనిపిస్తుంది. పగలంతా సముద్రం మీద తిరిగి, పిల్లల కోసం గొంతు నిండా చేపలతో బూబీలు తిరిగొస్తాయి. మడుగు మీద ఫ్రిగేట్ పక్షులు కాపు కాస్తుంటాయి. గాల్లోనే బూబీని తరిమి, తోక పట్టి కుదిపి, అది మింగిన చేపను కక్కేలా చేసి, ఆ చేప నీళ్లలో పడేలోపు అందుకుంటాయి. కొన్ని బూబీలు ఎత్తు నుంచి బాణంలా దూసుకొచ్చి చెట్ల గుబురులో దూరిపోతాయి. దొరికిపోయినవి ఖాళీ కడుపుతో గూటికి చేరతాయి. చీకటి పడేదాకా సాగే ఈ వేటను చూడటానికి డైవింగ్ సర్టిఫికెట్టు అక్కర్లేదు, టికెట్టూ అక్కర్లేదు.

మూడు వాదాలనూ క్లుప్తంగా పోల్చాలంటే ఇలా చెప్పవచ్చు. నీళ్లలో రోజులు గడపాలనుకునేవాళ్లకు లిటిల్ కేమన్ మొదటి ఎంపిక. బ్రాక్ నుంచి కూడా వాతావరణం బాగుంటే డైవింగ్ పడవలు బ్లడీ బేకు వెళ్తాయి కాబట్టి అక్కడ బస చేసినా పెద్దగా నష్టం లేదు. ఏ పనీ పెట్టుకోకూడదనుకునే జంటకు లిటిల్ కేమన్. పెద్దలు, పిల్లలు, వేర్వేరు ఇష్టాలున్న కుటుంబానికి బ్రాక్. బ్రాక్‌ను లిటిల్ కేమన్‌లో గది దొరకనప్పుడు వెళ్లే రెండో చోటుగా చూసే అలవాటు చాలా సలహాల్లో కనిపిస్తుంది. అది బ్రాక్‌కు చేసే అన్యాయం.

ఒక దీవా, రెండా, మూడా?

పటం మీద మూడు దీవులూ దగ్గరగా కనబడేసరికి వారంలో మూడూ చుట్టేద్దామన్న ఆశ పుడుతుంది. ఇక్కడే ప్రణాళికలు ఎక్కువగా దెబ్బతింటాయి. జంట దీవుల మధ్య రోజువారీ ఫెర్రీ లేదు. రాకపోకలకు కేమన్ ఎయిర్‌వేస్ నడిపే చిన్న విమానాలే దిక్కు. లిటిల్ కేమన్ ఎయిర్‌ఫీల్డ్‌లో ట్విన్ ఒటర్ లాంటి చిన్న విమానమే దిగగలదు. బ్రాక్‌లోని చార్ల్స్ కర్కానెల్ విమానాశ్రయంలో పెద్దవి కూడా దిగుతాయి. గ్రాండ్ కేమన్ నుంచి ప్రయాణం అరగంటకు కాస్త ఎక్కువే అయినా సీట్లు తక్కువ, సామాను బరువు మీద కచ్చితమైన పరిమితి. బరువెక్కువైతే కొన్ని పెట్టెలు తరవాతి విమానంలో రావచ్చు. డైవింగ్ సంచీలతో వెళ్లేవాళ్లు కనీసం ఒకరోజుకు సరిపడా బట్టలు, మందులు చేతిసంచీలో పెట్టుకోవడం తప్పనిసరి.

డైవర్లకు ఇంకో లెక్క ఉంది. నీళ్లలో లోతుకు దిగినవాళ్లు విమానం ఎక్కేముందు, వరసగా కొన్ని రోజులు డైవింగ్ చేసివుంటే, కనీసం 18 గంటల విరామం ఇవ్వాలి. దీవి మారిన ప్రతిసారీ ఒక డైవింగ్ రోజు దాదాపు పోయినట్టే. ఒత్తిడి మార్పుతో జబ్బుపడిన డైవర్లకు చికిత్స చేసే రీకంప్రెషన్ చాంబర్ గ్రాండ్ కేమన్‌లోని రాజధాని జార్జిటౌన్ ఆసుపత్రిలో ఉంది. లిటిల్ కేమన్‌లో ఉన్నది చిన్న క్లినిక్కే. గుండె జబ్బో, మరో తీవ్ర సమస్యో ఉన్న పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్తుంటే ఆసుపత్రి ఉన్న బ్రాక్‌నే ఎంచుకోవాలి. ప్రయాణ బీమాలో అత్యవసర విమాన తరలింపు ఉందో లేదో ముందే చూసుకోవాలి.

అన్నీ లెక్కేస్తే వారం సెలవుకు ఒక దీవి సరిపోతుంది. పదిరోజులుంటే రెండు, అదీ జంట దీవులే. గ్రాండ్ కేమన్‌ను విమానం మారే చోటుగానే చూస్తే మనసు స్థిమితంగా ఉంటుంది. అక్కడి హోటళ్లు, భోజనశాలలు, రద్దీ నిజంగా కావాలనుకుంటే వాటికి ఇంకో సెలవు పెట్టుకోవచ్చు. రెంటినీ ఒకే వారంలో కలిపితే రెండూ సగమే దక్కుతాయి.

ఏ నెలలో?

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వాతావరణం పొడిగా, చల్లగా ఉంటుంది. ధరలూ అప్పుడే ఎక్కువ. జూన్ నుంచి నవంబరు చివరిదాకా తుపాను కాలం. ఇంతవరకూ అందరూ ఒప్పుకుంటారు. కానీ చలికాలమే మేలన్న మాటలో ఒక మెలిక ఉంది. ఉత్తర అమెరికా నుంచి దిగివచ్చే చల్లగాలులు వాయవ్యం నుంచి వీచినప్పుడు ఉత్తర తీరంలో అలలు లేస్తాయి. బ్లడీ బే ఉన్నది ఆ తీరంలోనే. ఆ రోజుల్లో పడవలు దక్షిణ తీరానికి మళ్లుతాయి. గోడ చూడటానికే ఖర్చు పెట్టుకుని వచ్చినవాళ్లు నిరాశపడే అవకాశం ఎక్కువ ధరల కాలంలోనే ఉందన్నమాట. మే, జూన్ నెలల్లో ఎండ ఎక్కువైనా సముద్రం తరచుగా నిమ్మళంగా ఉంటుంది, గదులూ దొరుకుతాయి. తుపాను భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2008 నవంబరులో పలోమా తుపాను బ్రాక్‌ను అతలాకుతలం చేసింది. 1932 తుపాను కూడా నవంబరులోదే. కాలం చివరికొచ్చింది కదా అని ధీమా పడటానికి వీల్లేదని ఈ రెండూ చెబుతున్నాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో కొన్ని రిసార్టులు తలుపులు మూసుకుని మరమ్మతులు చేసుకుంటాయి.

దోమలు, కంటికి సరిగా కనబడని ఇసుక ఈగలు వానల తరవాత, సంధ్యవేళల్లో బాగా కుడతాయి. పొడుగుచేతుల చొక్కా వెంట ఉండాలి.

డబ్బు, తిండి, కాగితాలు

ఇది చవకైన సెలవు కాదు. ఆదాయపు పన్ను లేని ఈ దేశంలో సర్కారు రాబడికి దిగుమతి సుంకాలు ఒక పెద్ద ఆధారం. తినే తిండిలో చాలా భాగం ఓడల మీద వచ్చేదే. కేమన్ డాలరు విలువ 1.20 అమెరికన్ డాలర్లుగా కట్టివేశారు కాబట్టి మెనూలో అంకె చూసి అమెరికన్ డాలర్లనుకుంటే బిల్లు దగ్గర ఉలిక్కిపడాల్సి వస్తుంది. గది అద్దె మీద 13 శాతం పర్యాటక పన్ను అదనం. భోజనం, డైవింగ్ కలిపి ఒకే ధర చెప్పే రిసార్టులకూ, వంటిల్లున్న అద్దె ఇళ్లకూ మధ్య వాదన ఎప్పటిదో. రోజూ నీళ్లలో దిగేవాళ్లకు రిసార్టే లాభం. డైవింగ్ చేయనివాళ్లు ఆ ధరలో చేయని పనికి కూడా డబ్బు కడుతున్నట్టే. శాకాహారులకు అద్దె ఇల్లే సుఖం, అయితే పప్పు, మసాలాల్లాంటివి వెంట తీసుకెళ్లాలి. తాజా పండ్లు, మాంసం, మొక్కల సంబంధమైన సరుకుల మీద ఆంక్షలున్నాయి. రిసార్టు అయితే బుకింగ్ చేసేటప్పుడే శాకాహారమని రాయాలి. లిటిల్ కేమన్‌లో వెళ్లాక చెబితే, పడవ మీద వచ్చిన సరుకులతోనే వంట నడిపే ఆ వంటమనిషి మాత్రం ఏం చేయగలడు?

ఈ దీవులకు వెళ్లే తెలుగువాళ్లలో ఎక్కువమంది అమెరికాలో ఉంటున్నవాళ్లే కావచ్చు. భారత పాస్‌పోర్టు మీద వెళ్లేవాళ్లకు కేమన్ వీసా నిబంధనలు వర్తిస్తాయి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ హెచ్-1బి మీద ఉన్నవాళ్లకూ లెక్క వేరు కావచ్చు కాబట్టి టికెట్లు కొనకముందే కేమన్ అధికారులను సంప్రదించాలి. హెచ్-1బి వాళ్లు అమెరికాకు తిరిగి వచ్చేందుకు పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు చూసుకోవాలి. కెనడా, మెక్సికోలకు వెళ్లొచ్చినప్పుడు దొరికే వెసులుబాటు వాళ్లకు ఇక్కడ వర్తించదు. కారు అద్దెకు తీసుకుంటే సందర్శకుల పర్మిట్ కావాలి. అక్కడ కూడా మన దగ్గరలాగే ఎడమవైపే నడపాలి. అమెరికాలో ఏళ్ల తరబడి కుడివైపు నడిపిన చేతులకు అది మళ్లీ అలవాటు కావడానికి కాస్త సమయం పడుతుంది.

తేలనివి

ఇంతవరకూ చెప్పినవన్నీ ఒక మనిషి తన సెలవు గురించి తీసుకునే నిర్ణయాలు. దీవుల గురించి తీసుకోవలసిన నిర్ణయాలు వేరు, వాటిలో చాలావాటికి సమాధానం ఇంకా దొరకలేదు.

మొదటిది నసావ్ గ్రూపర్ అనే పెద్ద చేప కథ. చలికాలపు పున్నములకు ఈ చేపలు లిటిల్ కేమన్ పడమటి కొసన వేల సంఖ్యలో కూడి గుడ్లు పెడతాయి. 2001లో జాలర్లకు ఆ చోటు తెలిసింది. రెండు సీజన్లలో దాదాపు 4,000 చేపలను పట్టేశారు. 2003లో అక్కడ వేటను నిషేధించారు. ఆ తరవాత శాస్త్రవేత్తలు, ప్రభుత్వ పర్యావరణ శాఖ కలిసి ఏటా లెక్కపెడుతూ వచ్చారు. పది పన్నెండు వందలకు పడిపోయిన ఆ మంద 2018 నాటికి 7,000 దాటిందని 2020లో అచ్చైన అధ్యయనం చూపింది. కరీబియన్‌లో చాలాచోట్ల ఇలాంటి మందలు అంతరించిపోయాయి, ఇలా కోలుకున్నది దాదాపు ఇదొక్కటే. ఇది ఆంక్షల పక్షాన నిలిచే అతి గట్టి సాక్ష్యం. అలాగని ఈ విజయాన్ని చూపి వేటను మళ్లీ తెరవమనేవాళ్లు లేకపోలేదు.

రెండోది పగడాలు. 1998 నాటి వేడికి దెబ్బతిన్న లిటిల్ కేమన్ దిబ్బల్లో సజీవ పగడం 1999లో 26 శాతం ఉంటే 2004కి 14 శాతానికి పడిపోయింది. మనిషి తాకిడి తక్కువ కావడం వల్ల మరికొన్నేళ్లలో మళ్లీ పాత స్థాయికి చేరింది. అప్పట్లో అది గొప్ప ఆశ కలిగించింది. 2023లో కరీబియన్ అంతటా వచ్చిన సుదీర్ఘమైన వేడి, దానికి తోడు పగడాలను తినేసే కొత్త వ్యాధి ఆ ఆశను కఠినంగా పరీక్షిస్తున్నాయి. స్థానిక ఆంక్షలు వేటను ఆపగలవు, సముద్రపు వేడిని ఆపలేవు.

మూడోది నేల మీది జంతువులు. జంట దీవుల్లో మాత్రమే ఉండే రాక్ ఇగ్వానా అత్యంత ప్రమాదంలో ఉన్న జాతి. కార్లు దాన్ని తొక్కుతున్నాయి, పిల్లులు దాని పిల్లలను తింటున్నాయి, బయటినుంచి వచ్చిన ఆకుపచ్చ ఇగ్వానా దానికి పోటీగా తయారైంది. గ్రాండ్ కేమన్‌లో 2018 నుంచి పది లక్షలకు పైగా ఆకుపచ్చ ఇగ్వానాలను చంపించారు. ఊరపిల్లులను తగ్గించే ప్రయత్నాన్ని మాత్రం జంతుప్రేమికులు కోర్టుకు తీసుకెళ్లి ఆపించారు. రెండు వైపులా కరుణే ఉంది. ఎటు మొగ్గాలన్నది దీవివాసుల మధ్య కూడా తెగలేదు. ఇక్కడ సందర్శకుడు చేయగలిగిన చిన్న పని ఒకటుంది. మే నెలలో ఆడ ఇగ్వానాలు గుడ్లు పెట్టడానికి తీరం వైపు నడిచేటప్పుడు కారు వదిలి సైకిలెక్కడం.

నాలుగోది, అన్నిటికంటే కష్టమైనది, విమానాశ్రయం. లిటిల్ కేమన్‌కు సరైన ఎయిర్‌పోర్టు కావాలన్న మాట చాలా ఏళ్లుగా వినబడుతోంది. కావాలనేవాళ్లు భద్రతను, అత్యవసర వైద్యాన్ని, ఉద్యోగాలను చూపిస్తారు. వద్దనేవాళ్లు అడవిని, చిత్తడి నేలలను, పెద్ద విమానం వెంట వచ్చే పెద్ద హోటల్‌ను చూపిస్తారు. గ్రాండ్ కేమన్‌లో క్రూజ్ రేవు కట్టాలా వద్దా అని 2025 ఏప్రిల్ 30న జరిగిన రెఫరెండంలో జనం వద్దన్నారు. ఆ తీర్పులో దేశం మొత్తం మనసు కనిపిస్తుందనేవాళ్లున్నారు. గ్రాండ్ కేమన్ ఇప్పటికే కిక్కిరిసింది కాబట్టి వద్దంది, జంట దీవుల పరిస్థితి వేరని జవాబిచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ జవాబును కొట్టిపారేయలేం. బడి ముగించిన బ్రాక్ కుర్రాళ్లు పని కోసం గ్రాండ్ కేమన్‌కు, ఇంకా దూరానికి వెళ్లడం మామూలే. వాళ్లు ఊళ్లోనే ఉండాలంటే జీతాలిచ్చే పనులు కావాలి. ఆ పనులు ఎన్ని గదులతో, ఎంతమంది సందర్శకులతో వస్తాయి, అంతమంది వచ్చాక బూబీ పాండ్ చుట్టూ రాత్రి ఎంత చీకటి మిగులుతుందన్న లెక్కను ఇంతవరకూ ఏ పక్షమూ పూర్తిగా వేసి చూపలేదు.